పేరు లేని తల్లి

త్యాగమూర్తి అయిన తల్లి కథ మన తెరకు కొత్త కాదు. బిడ్డకోసం నగలమ్మి, కూలి చేసి, పస్తులుండి, చివరకు ఆ బిడ్డ ఒళ్లో తలపెట్టి కన్నుమూసే తల్లుల్ని చూసి మనం ఎన్ని చేతిరుమాళ్లు తడిపామో లెక్క లేదు. 1934లో చైనాలోని షాంఘైలో తయారైన ఒక మూకీ చిత్రంలోని తల్లికి ఆ చివరి ఓదార్పు కూడా దక్కదు.

చిత్రం పేరు ‘షెన్‌న్యూ’. దేవత అని అర్థం. వీధిలో ఒళ్లమ్ముకుని బతికే ఆడదాన్ని కూడా అక్కడివాళ్లు అదే మాటతో వ్యవహరించేవారు! ఈ రెండర్థాలూ ఒకే మనిషిలో చూపించాడు దర్శకుడు వూ యుంగ్‌గాంగ్. అంతకుముందు స్టూడియోలలో సెట్టింగులు వేసిన ఆయనకు ఇదే మొదటి చిత్రం. కథా ఆయనదే.

కథానాయికకు చిత్రంలో పేరే లేదు. ఇరుకు గది, పసిబిడ్డ, గోడకు వేలాడే ఒకటి రెండు మంచి దుస్తులు. అదే ఆమె సంసారం. చీకటి పడితే వీధిలోకి వెళ్లాలి. ఒక రాత్రి పోలీసులు తరుముతుంటే ఎవరి గదిలోకో దూరుతుంది. ఆ గది ఒక రౌడీది. కాపాడినందుకు వాడు ఆమెను సొంత ఆస్తి చేసుకుంటాడు. ఇల్లు మారి పారిపోతే, వెతికి పట్టుకుని బిడ్డను అడ్డం పెట్టి బెదిరిస్తాడు. నేలమీద బిడ్డను హత్తుకుని కూలబడిన తల్లిని, వాడి కాళ్ల సందులోంచి చూపిస్తుంది కెమెరా. మాటలెందుకు?

వాడికి తెలియకుండా గోడ సందులో డబ్బు దాచి, కొడుకును బడిలో వేస్తుంది. బడి పండుగలో కుర్రవాడు పాట పాడుతుంటే ఆమె మొహం వెలిగిపోతుంది. పక్కనున్న తల్లులు మాత్రం గుసగుసలాడతారు. ఆకాశరామన్న ఉత్తరాలు వెళతాయి. విచారించడానికి వచ్చిన ముసలి హెడ్మాస్టరుకు ఆమె నిజం దాచదు. తప్పు తనదైతే పిల్లవాడికెందుకు శిక్ష అని అడుగుతుంది. ఆయన కమిటీతో వాదించి, ఓడి, ఉద్యోగానికే రాజీనామా ఇస్తాడు.

ఎవరూ ఎరుగని ఊరికి పోదామని గోడలో చెయ్యి పెడితే డబ్బు లేదు. రౌడీ జూదంలో తగలేశాడు. ఆవేశంలో సీసాతో తలమీద కొడుతుంది. వాడు చస్తాడు. ఆమెకు 12 ఏళ్ల ఖైదు.

జైలుకు వచ్చిన హెడ్మాస్టరు పిల్లవాణ్ణి తాను పెంచుతానంటాడు. ఆమె కోరేది ఒక్కటే: పెద్దయ్యాక వాడికి, మీ అమ్మ చనిపోయిందని చెప్పమని. శరీరం ముందే పోయింది. స్వేచ్ఛా పోయింది. మిగిలిన ‘అమ్మ’ అన్న పిలుపును కూడా తానే వదులుకుంటుంది. అడిగి వదిలించుకున్నది లోకం గదా!

ఈ పాత్ర ధరించిన రువాన్ లింగ్‌యూ కు అప్పటికి 24 ఏళ్లు. చిన్నప్పుడే తండ్రి పోతే, తల్లి పరాయి ఇంట పనిమనిషిగా ఉండి ఆమెను చదివించింది. రౌడీ ముందు బల్లపైకెక్కి కూర్చుని సిగరెట్టు వెలిగించే దృశ్యంలో ఆమె చూపిన తెగింపు, అలసట ఈనాటికీ చెప్పుకుంటారు. చిత్రం విడుదలైన కొన్ని నెలలకే, తన సొంత జీవితాన్ని పత్రికలు వీధికెక్కించిన రోజుల్లో, 1935 మార్చి 8న ఆమె ఆత్మహత్య చేసుకుంది. తెరమీద ఏ గుసగుసలు తల్లిని వెంటాడాయో, తెర బయట అవే ఆమెనూ వెంటాడాయి.

వూ ఈ కథనే 1938లో వేరే తారతో టాకీగా తీశాడు. కాని లోకం గుర్తుపెట్టుకున్నది మూకీనే. జైలు గది చీకటిలో కొడుకు మొహాన్ని ఊహించుకుంటూ ఆమె కూర్చునే ఆ చివరి దృశ్యానికి మాట అవసరం లేదు. పేరూ అవసరం లేదు.