తాటాకు తారలు.. సరుగుడు కాయల తోరణాలు

పెరటి సామగ్రితోనే క్రిస్మస్ అలంకరణ
ఖర్చు స్వల్పం.. కావలసింది ముందుచూపే

బాపట్ల: డిసెంబరు మాసం ప్రవేశించగానే తీరప్రాంత గ్రామాల్లో క్రిస్మస్ సందడి ఆరంభమవుతుంది. చర్చిలకు వెల్ల వేయడం, ఇళ్ల ముంగిట నక్షత్రాలు కట్టడం, రాత్రివేళ క్యారల్స్ బృందాలు వీధివీధికీ తిరగడం ఏటా కనిపించే దృశ్యాలే. అయితే అలంకరణలో అధిక భాగం బజారు సరుకుతోనే సాగుతోంది. ప్లాస్టిక్ బంతులు, మెరుపు కాగితాలు, రంగురేకుల తోరణాలు పండుగ ముగిసిన పక్షం రోజులకు పంట కాలువల్లో తేలుతుంటాయి. ఆ కాలువ గట్టునే నిలిచిన తాటిచెట్టు, ఆవల ఉన్న సరుగుడు తోట, కళ్లంలోని వరిగడ్డి మాత్రం ఎవరి దృష్టికీ రావడం లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుంటే వీటితోనే చూడముచ్చటైన అలంకరణలు సిద్ధమవుతాయి. ఖర్చు దారపు ఉండకు, జిగురుకు మించదు. తొందర మాత్రం పనికిరాదు. పచ్చి ఆకుతో చేసిన నక్షత్రం పండుగ నాటికి ముడుచుకుపోతుంది కనుక, నెల మొదటి వారంలోనే ఆకు కోసి ఆరబెట్టుకోవాలి.

థర్మకోల్‌కు కాలం చెల్లింది

అలంకరణకు వాడే థర్మకోల్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించింది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో దీనిని చేర్చింది. తయారీ, నిల్వ, అమ్మకం, వాడకం అన్నీ ఈ నిషేధం కిందికే వస్తాయి. పశువుల పాక నమూనాకు గోడలుగా, పైకప్పు మీద మంచుగా, నక్షత్రాలకు అట్టగా ఉపయోగపడింది ఈ థర్మకోలే. దాని స్థానంలో ఏమి వాడాలో తెలియక పలువురు మందపాటి ప్లాస్టిక్ రేకులను ఆశ్రయిస్తున్నారు. ఒకటి పోయి మరొకటి వచ్చినట్లయింది తప్ప కాలువకు ఒరిగిందేమీ లేదు.

నిజానికి చేతి అలంకరణలు ఈ పండుగకు కొత్త కాదు. జర్మనీలో గడ్డిపోచలతో నక్షత్రాలు చేసి క్రిస్మస్ చెట్టుకు కట్టే ఆచారం నేటికీ ఉంది. మెరిసే గాజు బంతులకు 19వ శతాబ్దంలో పేరు తెచ్చింది కూడా ఆ దేశంలోని లౌషా పట్టణమే. నేటి ప్లాస్టిక్ బంతి దానికి చవక నకలు మాత్రమే. మన గ్రామాల్లోనూ మట్టలాదివారం నాడు లేత ఆకును చీల్చి సిలువలు అల్లే చేతులకు, చిన్ననాట తాటాకు చిలకలు, బూరలు చేసిన చేతులకు కొదవ లేదు. ఆ నేర్పును డిసెంబరులో కూడా వాడుకోవడమే ఇక్కడ చెప్పదలచిన విషయం.

ఆకు కోత మొదలు..

తాటాకు ఎంపికలోనే సగం పని ఉంది. బాగా ముదిరిన ఆకు మడిస్తే పెళుసుగా విరుగుతుంది. మరీ లేతది ఎండేటప్పుడు ముడుచుకుపోతుంది. విచ్చుకుని కొద్ది కాలమే అయి, రంగు ఇంకా ముదరని కమ్మ అనువైనది. పొలం గట్లపై చేతికి అందే ఎత్తులో ఉండే పొట్టి తాళ్ల నుంచి కొడవలితో కోసుకోవచ్చు. పెద్ద చెట్టయితే గీత కార్మికులను అడగడమే క్షేమం. ఒక చెట్టుకు ఒక కమ్మ చాలు. మొవ్వ జోలికి మాత్రం వెళ్లరాదు. తాటిచెట్టుకు ఎదిగే చోటు అదొక్కటే. అది దెబ్బతింటే చెట్టే చనిపోతుంది.

కోసిన కమ్మను ఈనెల వెంబడి చీల్చి, ఈనెలను వేరుచేసి, పాయలను నీడలో మూడు రోజులు ఆరనివ్వాలి. ఎండలో వేస్తే ఆకు వంకర తిరుగుతుంది. ఆపై వెడల్పాటి గిన్నెలో నీరు మరిగించి, చెంచాడు పసుపు, గుప్పెడు ఉప్పు వేసి, పాయలను అరగంట ఉడికించాలి. తాళపత్ర గ్రంథాల కోసం పూర్వులు ఆకును సిద్ధం చేసిన పద్ధతికి ఇది దగ్గరగా ఉంటుంది. వారూ ఆకును ఉడికించి, నీడన ఆర్చి, నునుపు చేసేవారు. పసుపు పురుగును దూరంగా ఉంచుతుంది. ఉడికిన ఆకును తుడిచి, మళ్లీ నీడలో ఆర్చి, పీట కింద రాత్రంతా బరువు పెడితే మరునాటికి చదునుగా, లేత పసుపు వన్నెతో తయారవుతుంది.

నక్షత్రం చేయడానికి అర అంగుళం వెడల్పు, ఆరు అంగుళాల పొడవు గల పాయలు నాలుగు తీసుకోవాలి. తడి గుడ్డలో పది నిమిషాలు చుట్టి ఉంచితే అవి మెత్తబడతాయి. బండిచక్రపు ఆకుల మాదిరిగా నాలుగింటినీ నడుమ ఒకదానిపై ఒకటి పేర్చి, సూదిదారంతో రెండు కుట్లు వేయాలి. ఎనిమిది కొసలనూ కత్తెరతో మొనలుగా కత్తిరించి, నడుమ ఒక సరుగుడు కాయ అంటిస్తే కుట్టు కనపడదు. పదేళ్ల పిల్లలు కూడా గంటలో నాలుగైదు చేయగలరు. తొలి రెండూ వంకరగా వస్తాయి. వాటిని చెట్టు వెనక వైపు కట్టుకోవచ్చు.

వరిగడ్డితో కూడా ఇటువంటి తారలు వస్తాయి. డెల్టాలో కోతలు సాగే కాలం కనుక కొత్త గడ్డికి లోటుండదు. అయితే కోత యంత్రం నుంచి వచ్చిన గడ్డి నలిగిపోయి ఉంటుంది. కొడవలితో కోసిన పన నుంచి కంకికి దిగువనున్న పొడవాటి కణుపును మాత్రమే ఏరుకోవాలి. గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, గోటితో నిలువునా చీల్చి, తెరిచి, ఇస్త్రీ పెట్టెతో నొక్కితే సన్నని బంగారు రంగు పట్టీ అవుతుంది. ఇస్త్రీ పెట్టెను ఎక్కువసేపు ఉంచిన కొద్దీ రంగు ముదురుతుంది. తేలిక, ముదురు పట్టీలను కలిపి కడితే వేరే రంగు పూయనవసరం లేదు.

సరుగుడు కాయ.. కొబ్బరి చిప్ప

సముద్రతీర గ్రామాల్లో క్రిస్మస్ చెట్టు అంటే చాలామందికి సరుగుడు కొమ్మే. కొండ ప్రాంతాల దేవదారు ఇక్కడికి రాదు, దాని అవసరమూ లేదు. సరుగుడు ఆకు సన్నగా సూదుల వలె ఉండి దూరానికి అదే రూపాన్నిస్తుంది. తడి ఇసుక నింపిన కుండలో నిలిపి రోజూ చెంబెడు నీరు పోస్తే త్వరగా రాలదు. నాలుగైదేళ్లు పెంచి అమ్ముకునే పంట అది, కాబట్టి రైతు అనుమతి లేకుండా కొమ్మ నరకరాదు. తుపాను గాలులకు అడ్డుగా అటవీశాఖ పెంచిన తోటల్లో నరకడం నేరం.

చెట్టు కింద రాలిన కాయలను ఏరుకోవడానికి ఏ అభ్యంతరమూ ఉండదు. గోళీ పరిమాణంలో, చిన్న చిన్న అరలతో ఉండే ఈ కాయను రెండు రోజులు ఎండలో ఉంచితే అరలు విచ్చుకుని లోపలి గింజలు రాలిపోతాయి. కడిగి ఆర్చిన కాయలను దబ్బనంతో గుచ్చడం కష్టం, వేళ్లకు గాయమవుతుంది. దారంతో నడుముకు ముడి వేసుకుంటూ పోవడమే తేలిక. నాలుగు వేళ్ల ఎడంతో కడితే తోరణం, దగ్గరగా కట్టి వలయం చేస్తే తలుపుకు కట్టే దండ. కొసలకు చిక్కని సున్నం అద్దితే మంచు పడినట్లుంటుంది. సున్నం పని పెద్దలే చేయాలి. కంట పడితే ప్రమాదం.

కొబ్బరి చిప్పతో గంట చేయవచ్చు. కాయకు మూడు కన్నులుంటాయి. వాటిలో ఒకటి మెత్తగా ఉంటుంది. ఆ కన్నులున్న సగం చిప్పను తీసుకుంటే మెత్తని కన్నును మేకుతో తేలికగా పొడిచి పురికొస దూర్చవచ్చు. చిప్ప పైపీచును చాకుతో గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, చివరగా కొబ్బరి నూనె చుక్క పూస్తే నల్లని నిగారింపు వస్తుంది. లోపల తాడు కొసకు కుంకుడు గింజ కట్టాలి. మోగదు గానీ గాలికి టకటకమంటుంది.

పశువుల పాకకు జొన్న దంట్లే సరి. దంట్లతో ఎడ్లబండ్లు కట్టి ఆడుకున్నవారికి ఈ పని చెప్పనక్కరలేదు. దంటు పైపేడు గోడకు, లోని బెండు గొర్రెపిల్లలకు, పశువులకు. బాసికాలకు వాడే తెల్లని జీలుగ బెండు దొరికితే బొమ్మలు మరింత నాజూకుగా వస్తాయి. పచ్చిరొట్టకు పొలాల్లో చల్లే జీలుగ ఇది కాదు. పేరు ఒకటే అయినా బెండు వచ్చేది నీటి కుంటల్లో పెరిగే వేరే మొక్క నుంచి.

గుమ్మం ముందు పెద్ద తార

క్యారల్స్ బృందాలు కర్రకు కట్టి తిప్పే నక్షత్రానికి వెదురు బద్దలు కావాలి. మేదర వృత్తిదారుల వద్ద సమానంగా చీల్చిన బద్దలు దొరుకుతాయి. రెండడుగుల బద్దలు పది తీసుకుని, ప్రతి బద్దకూ రెండు కొసల నుంచి 9 అంగుళాలకు కాస్త పైన గుర్తు పెట్టాలి. ఐదు బద్దలను గుర్తుల వద్దే ఒకదానినొకటి దాటేలా పేర్చి కడితే ఐదు మొనల తార దానంతట అదే అమరుతుంది. గుర్తు పెట్టకుండా కంటి అంచనాతో కట్టబట్టే చాలా తారలకు ఒక కాలు పొడవు, ఒక కాలు పొట్టి. ఇటువంటివి రెండు కట్టి, మొనలు ఐదూ కలిపి బిగించి, లోపలి ఐదు కూడళ్ల వద్ద ఐదారు అంగుళాల పుల్లలు అడ్డంగా నిలిపితే నడుమ ఉబ్బుతుంది.

పైన రంగు కాగితం అంటించడం పరిపాటి. డిసెంబరు మంచుకు అది నాలుగో రాత్రికే వేలాడుతుంది. దానికి బదులు పాత నూలు చీర ముక్కను గంజిలో ముంచి అంటిస్తే రాత్రి తడిసినా పగటి ఎండకు మళ్లీ బిగుస్తుంది. తాటాకు పాయలను చాప మాదిరి అల్లి కట్టినా బాగుంటుంది. అల్లిక సందుల నుంచి వెలుగు చుక్కలుగా బయటికి వస్తుంది.

జిగురుకు చింతగింజలు శ్రేష్ఠం. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే వచ్చే బంక మైదా కంటే గట్టిగా పడుతుంది. కొండపల్లి బొమ్మల తయారీలో అతుకులకు వాడేది చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దే. మైదాలో మైలుతుత్తం కలిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది విషపదార్థం, పిల్లలు కూర్చునే చోట వాడరాదు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

ఎండుటాకు, వరిగడ్డి, దూది.. ఈ మూడూ నిప్పుకు ముందు వరుసలో ఉండేవే. తార లోపల కొవ్వొత్తి గానీ, కిరోసిన్ దీపం గానీ పెట్టరాదు. ఫిలమెంటు బల్బు కూడా వేడెక్కి ఆకును మాడుస్తుంది. చిన్న ఎల్‌ఈడీ బల్బు ఒకటి చాలు. వైరు అతుకులకు టేపు చుట్టి, మంచు తగలని చోట ఉంచాలి. పశువుల పాక మీద దూదిని మంచుగా పరిచేవారు ఆ దరిదాపుల్లో కొవ్వొత్తులు వెలిగించకుండా చూసుకోవాలి. పూరిళ్లున్న వీధుల్లో ఈ విషయంలో ఏమాత్రం ఉపేక్ష పనికిరాదు.

అందంగా ఉన్నాయని గురివింద గింజలను దండలకు గుచ్చేవారున్నారు. ఆ గింజలో తీవ్రమైన విషం ఉంది. పైపెంకు పగలనంత వరకు కొంత నయం గానీ, సూదితో గుచ్చినా, పిల్లలు నమిలినా ప్రాణాపాయం. ఆముదం గింజల సంగతీ అంతే. ఎరుపు రంగు తప్పనిసరి అనుకుంటే చింతగింజలకు జేగురు పూసి గుచ్చుకోవచ్చు. పసుపు, సున్నం కలిపినా ఎరుపు వస్తుంది, కానీ ఎండ తగిలే చోట వారానికే వెలిసిపోతుంది. దానిని ఇంటి లోపలి అలంకరణలకే పరిమితం చేయాలి.

మరుసటి ఏటికి దాచేదెలా?

జనవరి మొదటి వారం దాటాక దించిన అలంకరణలను ఒకపూట నీరెండలో ఆర్చి, దుమ్ము దులిపి, ఎండిన వేపాకుతో కలిపి అట్టపెట్టెలో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టివేస్తే చెమ్మ చేరి బూజు పడుతుంది. అటక మీద ఉంచేవారు వర్షాకాలం పోయాక ఒకసారి విప్పి చూసుకోవాలి. ఉడికించి ఆర్చిన తాటాకు తారలు ఇలా భద్రపరిస్తే మూడు, నాలుగు పండుగలకు వస్తాయి. గడ్డి తారలు అంతకాలం నిలవవు, పెట్టెలో అన్నింటికంటే పైన పెట్టుకోవాలి. విరిగినవాటిని పెంటకుప్పలో వేస్తే వచ్చే ఏటి పొలానికి ఎరువవుతాయి. ఈలోగా భోగి వస్తుంది కనుక వీధిలోని పిల్లలే ముందుగా వచ్చి అడిగి పట్టుకుపోతారు.