గడ్డానికి నూనె: మేలెంత? భ్రమ ఎంత?

తలకు నూనె పెట్టుకోవడం మన ఇళ్లలో ఉగ్గుపాలతో అబ్బిన అలవాటు. గడ్డం విషయంలో మాత్రం, నున్నగా గీసుకోవడమే మర్యాదగా చాలాకాలం చెలామణి అయినందువలన, దాని పోషణను గురించి మన కుటుంబాలలో ఎవరూ అంతగా ఆలోచించలేదు. నేడు యువకులలో అనేకులు గడ్డం పెంచుతున్నారు. దానితోపాటే గడ్డం నూనెల సీసాలు కూడా అంగళ్లలో బారులు తీరాయి.

నేను వైద్యం చేసే మాణికేశ్వర్ నగర్ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్నది. దీనికి వడ్డెర బస్తీ అన్న పేరు కూడా ఉన్నది. వసతి గృహాల విద్యార్థులు, కట్టడాల పనికి వెళ్లే శ్రామికులు, తార్నాక వైపు ఉద్యోగస్థుల కుటుంబాలవారు నా వద్దకు వస్తుంటారు. వీరిలో చాలామంది యువకులు అడిగే ప్రశ్న ఒక్కటే: "అయ్యా, ఏ నూనె రాస్తే గడ్డం ఒత్తుగా వస్తుంది?"

ఈ ప్రశ్నకు సమాధానం ముందే చెబుతాను. ఏ నూనె రాసినా లేని వెంట్రుక మొలవదు. అయితే ఉన్న వెంట్రుకను మృదువుగా ఉంచడానికి, దాని క్రింది చర్మం ఎండిపోకుండా కాపాడడానికి మన ఇంటి నూనెలు చక్కగా ఉపకరిస్తాయి. ఈ రెండింటికీ గల భేదం గ్రహించినవారికి ధనమూ, కాలమూ ఆదా అవుతాయి.

గడ్డం పెరుగుదల దేనిపై ఆధారపడుతుంది?

గడ్డం ఒత్తుగా వచ్చేదీ, పలుచగా వచ్చేదీ ముఖ్యంగా వంశపారంపర్యాన్ని, పురుష హార్మోన్లను, వాటికి రోమకూపాలు స్పందించే తీరును బట్టి ఉంటుంది. పద్దెనిమిదేళ్లకు బుగ్గలపై ఖాళీలు కనిపించినంత మాత్రాన దిగులు చెందనవసరం లేదు. అనేకులకు ముప్ఫై ఏళ్లు వచ్చే వరకూ గడ్డం క్రమంగా నిండుతూనే ఉంటుంది.

చరక సంహితలో కేశ రోమాలను అస్థి ధాతువు యొక్క మలంగా వర్ణించారు. అంటే మనం తిన్న ఆహారం జీర్ణమై, ధాతువులుగా పరిణమించే క్రమంలోనే వెంట్రుక ఏర్పడుతుందని భావం. ఆధునిక శాస్త్రం కూడా వెంట్రుకను కెరాటిన్ అనే మాంసకృత్తుగానే గుర్తిస్తున్నది. 1918లో కూనూరులో చిన్నగా ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మా తార్నాకలోనే ఉన్నది. ఆ సంస్థ సూచించే సమతులాహారంలోని పప్పులు, ఆకుకూరలు, పాలు, చిరుధాన్యాలు గడ్డానికీ అవసరమే. వీటిని విస్మరించి పైపైన నూనె పూయడం వేరును వదిలి ఆకులకు నీళ్లు చల్లడం వంటిది.

ఏ నూనె ఎవరికి?

నువ్వుల నూనె: తైలాలన్నింటిలో తిల తైలమే శ్రేష్ఠమని, బలానికీ స్నేహనానికీ అదే అగ్రగణ్యమని చరకుడు చెప్పాడు. ఇందులోని సహజ రక్షక పదార్థాల వలన ఇది త్వరగా కంపు పట్టదు. పొడి చర్మం గలవారికి, చలికాలంలో ముఖం పగిలేవారికి అనుకూలం.

కొబ్బరి నూనె: ఇందులో దాదాపు సగభాగం లారిక్ ఆమ్లమే. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కొబ్బరి నూనెను, పొద్దుతిరుగుడు నూనెను, ఖనిజ తైలాన్ని తల వెంట్రుకలపై పోల్చి చూశారు. వెంట్రుక నుండి మాంసకృత్తు నష్టాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించినది కొబ్బరి నూనె ఒక్కటే. గరుకుగా, చిట్లిపోయే గడ్డానికి ఇది మంచిది. మొటిమలు వచ్చే జిడ్డు చర్మం గలవారు దీనిని వాడకపోవడమే మేలు.

ఆముదం: పాలమూరు, నల్గొండ ఎర్ర నేలలలో దశాబ్దాల పాటు విరివిగా పండిన పంట ఇది. గడ్డం మొలిపించే నూనెగా దీనికే ప్రచారం ఎక్కువ. అయితే చరకుడు ఆముదాన్ని శ్రేష్ఠమన్నది విరేచనానికి. వెంట్రుకలు మొలిపిస్తుందనడానికి ఆధునిక పరిశోధనలలోనూ గట్టి ఆధారం లేదు. ఇది చిక్కని నూనె కనుక వెంట్రుకకు పొరవలె అంటుకొని తేమను నిలుపుతుంది, నిగారింపు ఇస్తుంది. ఒంటిగా కాక, ఆరు పాళ్లు నువ్వుల నూనెకు ఒక పాలు ఆముదం కలిపి వాడుకోవాలి.

బాదం నూనె: తేలికైనది, జిడ్డు తక్కువ. బాదం, జీడిపప్పు వంటివి సరిపడనివారు దీని జోలికి పోరాదు.

వాడే విధానం

దీపావళికో, ఉగాదికో మన పెద్దలు చేయించే అభ్యంగన స్నానాన్ని గుర్తు తెచ్చుకోండి. ఒళ్లంతా నూనె అంటి, కొంతసేపు నాననిచ్చి, సున్నిపిండితో నలుగు పెట్టి దానిని తొలగిస్తారు. గడ్డం నూనె అలా కడిగేది కాదు, గంటల తరబడి ముఖం మీదనే ఉండేది. కనుక దీని మోతాదు చుక్కలలోనే ఉండాలి.

1. గోరువెచ్చని నీటితో ముఖం కడిగి, మెత్తని తువాలుతో అద్దుకోవాలి. కొద్దిగా తడి ఉండగానే నూనె రాయాలి.

2. పొట్టి గడ్డానికి రెండు మూడు చుక్కలు, పొడవైన దానికి ఐదారు చుక్కలు చాలు. అరచేతులలో రుద్దుకొని, మునివేళ్లతో ముందు చర్మానికి, తరువాత వెంట్రుకలకు పట్టించాలి. అటుపిమ్మట వెడల్పు పళ్ల చెక్క దువ్వెనతో దువ్వాలి.

3. రాతి పని, సిమెంటు పని చేసేవారు, తార్నాక కూడలి వంటి రద్దీ దారులలో స్కూటర్లపై తిరిగేవారు ఉదయం నూనె రాసుకొని బయలుదేరరాదు. దుమ్మంతా దానికి అంటుకుంటుంది. సాయంకాలం ఇల్లు చేరి, ముఖం శుభ్రపరచుకొన్న తరువాత రాసుకోవడం ఉత్తమం.

4. ఏ నూనెనైనా మొదట మోచేతి లోపలి వైపు ఒక చుక్క రాసి, ఒక రోజు గమనించాలి. దురద, ఎరుపు కనిపిస్తే ఆ నూనె మానివేయాలి.

5. నూనెను కొద్దికొద్దిగా కొని, చిన్న గాజు సీసాలో ఎండ తగలని చోట ఉంచాలి. వాసన మారిన నూనెను వాడరాదు.

ఇవి చేయకండి

ఆవనూనె ఘాటు ముఖ చర్మాన్ని మండించగలదు. వేపనూనెను కూడా ఒంటిగా రాయరాదు. ఉల్లిరసంతో కొందరి చర్మం పొక్కుతుంది. నిమ్మరసం రాసుకొని ఎండలోకి వెళితే నల్లని మచ్చలు పడవచ్చు. గడ్డంలో చుండ్రు ఉన్నప్పుడు నూనె మరింత రాస్తే తగ్గుతుందన్నది అపోహ. చుండ్రుకు దోహదం చేసే సూక్ష్మజీవి చర్మం మీది కొవ్వును తిని బ్రతుకుతుంది కనుక అది ఇంకా పెరిగే ప్రమాదం ఉన్నది. కఫం ప్రకోపించినవారికి, అజీర్ణంతో ఉన్నవారికి అభ్యంగనం తగదని అష్టాంగ హృదయం కూడా చెబుతున్నది. నూనె ఎల్లవేళలా, అందరికీ మంచిదని పూర్వులు ఏనాడూ అనలేదు.

వైద్యుని ఎప్పుడు చూడాలి?

పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక యువకుని అతని తల్లి నా వద్దకు తీసుకువచ్చింది. దవడ మీద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు పూర్తిగా రాలి, చర్మం నున్నగా ఉన్నది. ఐదు నెలలుగా ఖరీదైన నూనె సీసాలు ఒకటి తరువాత ఒకటి కొని రాస్తున్నాడట. నలుగురిలోకి వెళ్లడానికే మొహమాటపడుతున్నాడని ఆ తల్లి కంటతడి పెట్టింది. అది పేనుకొరుకుడు. ఆయుర్వేదంలో ఇంద్రలుప్తమని అంటారు. శరీర రక్షణ వ్యవస్థ తన రోమకూపాలపైనే దాడి చేయడం వలన ఇది వస్తుంది. ఆ అబ్బాయిని చర్మవ్యాధి నిపుణుని వద్దకు పంపాను. కొన్ని నెలలకు ఆ మచ్చలో నూగు మొలిచింది. ఈ వ్యాధిలో కొందరికి వెంట్రుక దానంతటదే తిరిగి వస్తుంది. ఆ సమయంలో ఏ సీసా చేతిలో ఉంటే ఆ సీసాకు పేరు రావడం కద్దు!

ఇటువంటి నున్నని మచ్చలు గాని, అంచులు ఎర్రబడి గుండ్రంగా వ్యాపించే దురద మచ్చలు గాని, చీము పొక్కులు గాని కనిపిస్తే నూనె ఆపి వైద్యుని సంప్రదించాలి. గుండ్రని దురద మచ్చ తామర కావచ్చు. దానికి మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన మలాము రాస్తే, పైకి తగ్గినట్లు కనిపించి, లోలోపల ముదురుతుంది. చీము పొక్కులు తరచూ వస్తుంటే రక్తంలో చక్కెర పరీక్ష కూడా చేయించుకోవాలి.

గడ్డం పలుచగా ఉండడం రోగం కాదు. ఆ సంగతి ఇంట్లో పెద్దలు ఎదిగిన కుమారులకు మృదువుగా చెప్పగలిగితే సగం చికిత్స అయినట్లే. మిగిలిన సగానికి శుభ్రత, సరియైన భోజనం, గానుగ నుండి తెచ్చిన చిన్న సీసాడు నువ్వుల నూనె సరిపోతాయి.