మోటారు సైకిలు హాండిలు: మార్పు వెనుక యంత్రశాస్త్రము

మోటారు సైకిలు నడుపువాడు తన వాహనమును ఐదు చోట్ల మాత్రమే తాకియుండును. రెండు పాదములు ఫుట్‌రెస్టులపై నుండును. శరీర భారములో అధిక భాగమును సీటు మోయును. రెండు చేతులు హాండిలును పట్టుకొనియుండును. ఈ ఐదింటిలో చేతులకు రెండు విధములైన బాధ్యతలు గలవు: అవి బండిని త్రోవ పట్టించవలెను, ముందుకు వంగిన శరీరమును కొంతవరకు మోయవలెను. ఈ రెండు పనులకును ఆధారమైనది వంచిన ఒక ఉక్కుగొట్టము మాత్రమే.

మద్రాసులో 1955లో తయారీ ప్రారంభమైన బుల్లెట్టు, మైసూరులో 1996 వరకు తయారైన యెజ్డీ మొదలగు పాత మోటారు సైకిళ్ళను నేటికిని ఇష్టముతో నడుపువారు తెలుగునాట గలరు. తండ్రి నడిపిన బండిని కుమారుడు నడుపుచుండును. బండి మారలేదు, నడుపువాని ఎత్తు, భుజముల వెడల్పు మాత్రము మారినవి. కొంత దూరము పోవుసరికి మణికట్లు నొచ్చును, వేళ్ళు తిమ్మిరెక్కును, నడుము పట్టును. అప్పుడు సాధారణముగా తోచు ఉపాయము హాండిలు మార్చుట. ఖర్చు తక్కువ, పని ఒక పూటలో ముగియును. కాని ఈ చిన్న మార్పు ఏయే విషయములను కదలించునో తెలియక చేసినచో, సౌఖ్యము కొరకు భద్రతను పోగొట్టుకొను ప్రమాదము గలదు.

హాండిలు ఒక మీట

హాండిలు మధ్యభాగము ఫోర్కుపై బిగింపబడియుండును. అదియే ఆధారబిందువు. గ్రిప్పులపై చేతులు ప్రయోగించు బలము ముందు చక్రమును త్రిప్పును. ఈ త్రిప్పు సామర్థ్యమునకు భ్రామకమని పేరు. బలమును, ఆధారబిందువు నుండి బలము పనిచేయు చోటికి గల లంబదూరమును హెచ్చించినచో భ్రామకము వచ్చును.

ఒక హాండిలుపై రెండు చేతుల నడిమి దూరము 700 మి.మీ. అనుకొందము. ఒక చేయి 50 న్యూటన్ల బలముతో నెట్టుచు, రెండవ చేయి అంతే బలముతో లాగినచో భ్రామకము 50 × 0.7, అనగా 35 న్యూటను మీటర్లు. అదే భ్రామకమును 600 మి.మీ. వెడల్పు గల హాండిలుతో పొందవలెనన్న, ప్రతి చేయియు సుమారు 58 న్యూటన్ల బలమును ప్రయోగించవలెను. అనగా శ్రమ ఆరవ వంతు పెరిగినది. ఇరుకు సందులో బరువైన బండిని మెల్లగా మలుపునపుడు వెడల్పైన హాండిలు తేలికగా తోచుటకు కారణమిదియే.

అయితే ప్రకృతి దేనిని ఉచితముగా నీయదు. ఫోర్కును 5 డిగ్రీలు త్రిప్పుటకు వెడల్పు హాండిలుపై చేయి సుమారు 31 మి.మీ. కదలవలెను, ఇరుకు హాండిలుపై 26 మి.మీ. చాలును. బలములో లాభించినది దూరములో పోయినది. అంతేకాదు, ఎదురుగాలి విసురునకు శరీరము ఊగినపుడు, ఆ ఊగుట కూడ పొడవైన మీట ద్వారానే ఫోర్కును చేరును. హాండిలును గట్టిగా బిగబట్టి పట్టుకొను అలవాటున్న వానికి వెడల్పైన హాండిలు వేగములో స్థిరముగా తోచకపోవుటకు ఇది ఒక కారణము.

ఈ సూత్రమును ఉపాధ్యాయులు పాఠశాల ఆవరణములోనే చూపవచ్చును. ఒక సైకిలును సిమెంటు నేలపై నిలిపి, ఒక విద్యార్థి దానిని కదలకుండ పట్టుకొనవలెను. మరొక విద్యార్థి హాండిలు మధ్య నుండి 10, 20, 30 సెంటీమీటర్ల దూరములలో స్ప్రింగు త్రాసును తగిలించి, ప్రతిసారియు హాండిలుకు లంబముగా లాగి, చక్రము తిరుగ నారంభించినప్పటి బలమును వ్రాసికొనవలెను. బలమును దూరముతో హెచ్చించి చూచినచో, మూడు లబ్ధములు దాదాపు సమానముగా వచ్చును.

కుడికి తిరుగుటకు కుడిచేతిని నెట్టుట

నిలిచియున్న బండిలో హాండిలును ఏ వైపునకు త్రిప్పిన ఆ వైపునకే చక్రము తిరుగును. వేగముగా పోవు ద్విచక్ర వాహనము సంగతి వేరు. అది కుడికి తిరుగవలెనన్న ముందుగా కుడికి ఒరగవలెను. నడుపువాడు తనకు తెలియకయే కుడి గ్రిప్పును కొంచెము ముందుకు నెట్టును. చక్రము క్షణకాలము ఎడమకు తిరుగును. టైరులు నేలను తాకు చోట్లు ఎడమకు జరుగుటచే, పైనున్న భారము కుడికి ఒరుగును. ఆ ఒరుగుట తగినంత అయిన పిమ్మట చక్రము కుడికి తిరిగి, బండి మలుపు తీసికొనును. విమానమును నిర్మించిన రైటు సోదరులు సైకిళ్ళ వ్యాపారము చేసినవారు. వారిలో విల్బర్ రైటు ఈ విషయమును గమనించి, సైకిలు తొక్కువారిలో చాలమంది తాము చేయు ఈ పనిని ఎరుగరని గుర్తించెను.

కనుక వేగములో హాండిలు చేయు పని పెద్ద త్రిప్పుడు కాదు; చిన్న నెట్టుడు. ఆ నెట్టుడునకు మోచేయి కొంచెము వంగి, భుజము వదులుగా ఉండవలెను. చేతులు పూర్తిగా చాపినగాని గ్రిప్పులు అందనిచో, మణికట్టుతో మాత్రమే నెట్టవలసివచ్చును. గ్రిప్పులు మరీ దగ్గరైనచో, పూర్తిగా మలుపునపుడు మోచేయి పొట్టకు తగులును. సౌఖ్యమునకును, అదుపునకును సంబంధము ఇచ్చటనే ఉన్నది.

మారనివి, మారునవి

హాండిలు మార్చినచో బండి నడక స్వభావమే మారునని కొందరు తలంతురు. ఇది పూర్తిగా నిజము కాదు. ఫోర్కు తిరుగు కడ్డీ నిలువుగా నుండక వెనుకకు వాలియుండును. ఆ కడ్డీ గీతను ఊహలో నేలవరకు పొడిగించినచో, టైరు నేలను తాకు చోటునకు కొంత ముందుగా అది నేలను చేరును. అందుచే టైరు ఎల్లప్పుడు ఆ గీత వెనుక ఈడ్వబడుచు తిన్నగా నిలుచుటకు యత్నించును. ఆసుపత్రులలోని తోపుడు బండ్ల చిన్న చక్రములు తమంతట తాము దారికి వచ్చుటయు ఇట్టిదే. హాండిలు మార్పు ఈ కొలతలను ఏమాత్రము మార్చదు.

తిరుగు చక్రముల గైరోస్కోపు ప్రభావమే ద్విచక్ర వాహనమును నిలుపుచున్నదని చాలకాలము భావింపబడినది. బ్రిటిషు రసాయన శాస్త్రజ్ఞుడు డేవిడ్ జోన్స్ ఆ ప్రభావమును రద్దుచేయుటకు ఎదురు దిశలో తిరుగు అదనపు చక్రమును సైకిలుకు అమర్చి, దానిని కూడ తొక్కవచ్చునని 1970లో ప్రకటించెను. అమెరికా, నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు 2011లో మరియొక అడుగు వేసిరి. గైరోస్కోపు ప్రభావము గాని, పైన చెప్పిన ఈడ్పు గాని లేకున్నను, ద్రవ్యరాశిని తగిన చోట్ల అమర్చినచో సైకిలు తనంతట తాను నిలువగలదని వారు నిరూపించిరి. దీనినుండి మనకు అందు పాఠ మొకటి గలదు: ఫోర్కుతోపాటు తిరుగు భాగములలో బరువు ఎచ్చట ఉన్నదన్నది ముఖ్యము. కొత్త హాండిలుకు పెద్ద గాజుతెరను, బరువైన సంచులను తగిలించుట బండి స్థిరత్వముతో చెలగాటమే.

నిజముగా మారునది నడుపువాని భంగిమ. హాండిలు ఎత్తుగాను, వెనుకకు వంగియు ఉన్నచో మనిషి నిటారుగా కూర్చుండును. అతని గరిమనాభి వెనుకకు జరుగును. బుల్లెట్టు వంటి బండి రెండు ఇరుసుల మధ్య దూరము సుమారు 1370 మి.మీ. ఉండును. 70 కిలోల మనిషి గరిమనాభి 60 మి.మీ. వెనుకకు జరిగినచో, ముందు చక్రముపై భారము సుమారు 3 కిలోలు తగ్గును. ఇది స్వల్పమే. కాని వెనుక మరొక మనిషి, సామాను కూడ ఉన్నచో ముందు చక్రము ఇదివరకే తేలికపడియుండును. అప్పుడీ స్వల్పమును లెక్కింపవలసినదే.

నడుము, మణికట్టు, గాలి

నిటారుగా కూర్చున్నచో మణికట్లకు విశ్రాంతి కలుగును. కాని మొండెము భారమంతయు వెన్నెముక మీదుగా సీటుపై పడును. గుంటలలో పుట్టు కుదుపులు నేరుగా నడుమునకు చేరును. కొంచెము ముందుకు వంగినచో నడుమునకు ఉపశమనము కలుగును గాని, చేతులపై భారము పెరుగును. అరచేతిలో చిటికెనవ్రేలి వైపు ఒత్తిడి ఎక్కువైనచో ఆ వ్రేలును, ఉంగరపు వ్రేలును తిమ్మిరెక్కును. మణికట్టు చాలసేపు వెనుకకు విరిచినట్లుండినచో బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కును. రెండింటిలోను వేర్వేరు నరములు నొక్కుకొనుచున్నవి. కావున ఏ వ్రేళ్ళు తిమ్మిరెక్కుచున్నవో గమనించినచో, గ్రిప్పు వాలును ఏ వైపునకు సవరించవలెనో కొంత తెలియును.

గాలి కూడ లెక్కలోనికి వచ్చును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలి పీడనము చదరపు మీటరునకు సుమారు 74 న్యూటన్లు. 80 కిలోమీటర్ల వేగమున సుమారు 296 న్యూటన్లు. వేగము రెండింతలైన పీడనము నాలుగింతలగును. ఊరిలో సుఖముగా తోచిన ఎత్తైన హాండిలు, రహదారిపై మనిషిని తెరచాపగా మార్చును. అప్పుడతడు పడిపోకుండుటకు హాండిలును పట్టి వ్రేలాడవలసివచ్చును. ఒకే హాండిలు అన్ని ప్రయాణములకు సరిపోదనుటకు ఇదియే కారణము.

వేళ్ళ తిమ్మిరికి ఇంజను వాటా

పాత 350 బుల్లెట్టులో ఒకే సిలిండరు గలదు. దాని వ్యాసము 70 మి.మీ., పిస్టను నడక 90 మి.మీ. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు పిస్టను సెకనునకు 50 మార్లు పైకిని క్రిందికిని పోవును. ఎదురు బరువులు ఈ కుదుపులో కొంత భాగమునే అణచగలవు. మిగిలినది ఫ్రేము ద్వారా హాండిలును చేరును.

ఒక అడుగుబద్దను బల్ల అంచున నొక్కిపట్టి చివరను మీటినచో అది కంపించును. బయటనున్న భాగమును రెండింతలు చేసినచో కంపనముల పౌనఃపున్యము నాల్గవ వంతగును. హాండిలులోని ప్రతి సగమును ఇట్టి బద్దయే. దాని సహజ పౌనఃపున్యము ఇంజను కుదుపుతో సరిపడినచో అనునాదము కలిగి, కంపనములు విపరీతముగా పెరుగును. కొత్త హాండిలు వేసిన బండి ఒక వేగమున మాత్రమే చేతులను అదరగొట్టుటకు కారణమిదే. హాండిలు చివరలలో చిన్న బరువులు అమర్చినచో ఈ పౌనఃపున్యము తగ్గి, అనునాదము వాడుక వేగమునకు దూరముగా జరుగును.

దీనిని చిన్న విషయముగా తీసికొనరాదు. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున గాలియంత్రములతో సున్నపురాయి చెక్కు కార్మికుల వేళ్ళు తెల్లబారి మొద్దుబారుటను వైద్యురాలు ఆలిస్ హామిల్టను 1918లో పరిశీలించెను. మోటారు సైకిలు కంపనములు అంత తీవ్రమైనవి కాకపోవచ్చును. అయినను, బండి దిగిన చాలసేపటికిని తిమ్మిరి తగ్గనిచో వైద్యుని సంప్రదింపవలెను.

మార్చుటకు ముందు

పాత బండిలో నడక బిగువుగానున్నచో దోషము హాండిలుది కాకపోవచ్చును. ముందు చక్రమును నేలనుండి లేపి, హాండిలును మెల్లగా ఇటునటు త్రిప్పి చూడవలెను. మధ్యలో ఎచ్చటనైన పట్టుకొని, కొక్కెమున పడినట్లు ఆగినచో, మెకానిక్కులు కోను సెట్టు అను భాగములో గుండ్లు నడచు దారి గుంటలు పడినదని అర్థము. దానిని మార్చక ఎంత మంచి హాండిలు వేసినను ప్రయోజనము లేదు.

తరువాత పాత హాండిలు వెడల్పు, ఎత్తు, వెనుక వంపు కొలిచి వ్రాసికొనవలెను. గొట్టము వ్యాసము సాధారణముగా అంగుళములో 7/8 వంతు, అనగా సుమారు 22 మి.మీ.; కాని అన్ని బండ్లకు అదే ఉండదు. బిగింపు పట్టీకి సరిపడని గొట్టమును రేకుముక్కలు చుట్టి బిగించరాదు. పాత గొట్టమును కాల్చి వంచుట, అతుకు పెట్టుట, తీగల కొరకు రంధ్రములు చేయుట మిక్కిలి ప్రమాదకరము. రంధ్రపు అంచున ఒత్తిడి కేంద్రీకరించి, కంటికి కనబడని పగులు అచ్చటనే పుట్టును.

అన్నిటికంటె ముఖ్యమైనది వైర్ల పొడవు. ఎత్తైన హాండిలుకు పాత క్లచ్చి, బ్రేకు, ఏక్సిలరేటరు వైర్లు చాలకపోవచ్చును. బిగించిన పిమ్మట బండిని న్యూట్రలులో స్టాండుపై నిలిపి, ఇంజను మెల్లగా తిరుగుచుండగా, హాండిలును ఎడమ చివరకును కుడి చివరకును త్రిప్పవలెను. ఇంజను వేగము ఏమాత్రము పెరిగినను ఏక్సిలరేటరు వైరు లాగబడుచున్నదని తెలియవలెను. అట్టి బండి ఇరుకు రోడ్డుపై వెనుకకు మలుపునపుడు, నడుపువాడు కోరకయే ముందుకు దూకును. క్లచ్చి, బ్రేకు మీటల వదులు కూడ రెండు చివరలందును ఒకే విధముగా ఉండవలెను. వేళ్ళు ట్యాంకునకు మధ్య నలుగరాదు. కరెంటు తీగలు బిగియరాదు. అద్దములలో వెనుక దారి కనబడవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము వాహనములలో మార్పులకు హద్దులు విధించుచున్నది గనుక, తయారీదారులు చూపిన కొలతలకు దగ్గరగా నుండుట మేలు.

హాండిలు, సీటు, ఫుట్‌రెస్టులు ఒకేసారి మార్చినచో దేని ఫలమేదో తేలదు. ప్రయోగశాలలో వలె ఒక్కొక్కటి మార్చి, కొంత దూరము నెమ్మదిగా నడిపి, బిగింపు బోల్టులను మరల పరీక్షించవలెను. కొత్తది కుదిరినట్లు తేలువరకు పాత హాండిలును పారవేయరాదు.