ఆటకు పోయిన పూట కూలి ఎవరిస్తారు?
నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో రగ్బీ గురించి కొన్ని మాటలు

కాలేజీలో కొత్త ఆట పెడతామంటే కాదనేవాళ్లు ఉండరు. బంతి కొంటారు, బ్యానరు కడతారు, ప్రిన్సిపాల్ గారు వచ్చి ఒక తన్ను తన్నితే ఫొటో పడుతుంది. ఆ తర్వాత రోజూ సాయంత్రం నాలుగింటికి గ్రౌండ్లో ఎవరు మిగులుతున్నారు, ఎవరు బస్సెక్కి పోతున్నారు అనే లెక్క మాత్రం ఎవరూ రాయరు. దళిత విద్యార్థి వైపు నుండి ఆటను చూడడమంటే ఆ లెక్క రాయడమే.

రగ్బీ ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల ఆటల్లో ఒకటి. 2020లో భువనేశ్వర్‌లో జరిగిన మొదటి ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడల్లో దానికీ పోటీలు పెట్టారు. మరి నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీలు ఈ ఆటను పిల్లలకు అందించాలంటే ఏమేం కావాలి? అందులో మన పిల్లలకు ఏముంది? ఈ రెండు ప్రశ్నలను ఇక్కడ చూద్దాం.

ఆట ఎట్లా ఉంటుంది

రగ్బీ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేతుల్లో పట్టుకొని పరిగెత్తొచ్చు. కానీ చేత్తో ముందుకు విసరకూడదు. పక్కనో వెనకో వస్తున్న తోటి ఆటగాడికే అందించాలి. ఎదుటి జట్టు గోలు గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే దాన్ని 'ట్రై' అంటారు. దానికి 5 పాయింట్లు. ఆ వెంటనే బంతిని రెండు కర్రల మధ్య, అడ్డకర్ర పైనుంచి పోయేట్టు తన్నితే మరో 2 పాయింట్లు. బంతి ఎవరి చేతిలో ఉందో వాళ్లనే పట్టి పడేయాలి. అదీ భుజాలకు కిందనే పట్టుకోవాలి. బంతి లేనివాళ్ల జోలికి పోకూడదు.

పెద్ద ఆటలో జట్టుకు 15 మంది, 80 నిమిషాలు. 'సెవెన్స్' అనే చిన్న ఆటలో జట్టుకు ఏడుగురు, 7 నిమిషాల చొప్పున రెండు సగాలు. 2016 నుండి ఒలింపిక్స్‌లో ఆడుతున్నది ఈ సెవెన్సే. మన కాలేజీలకు సరిపోయేదీ ఇదే. బ్యాట్లు, ప్యాడ్లు, నెట్లు అక్కర్లేదు. కబడ్డీ ఆడిన పిల్లలకు పట్టు పట్టడం, తప్పించుకోవడం, కింద పడి లేవడం కొత్తగా నేర్పనక్కర్లేదు.

ముట్టుకోక తప్పని ఆట

ఈ ఆటలో ఒకరినొకరు ముట్టుకోకుండా కుదరదు. భుజం భుజం ఆనించి నెట్టాలి, కింద పడ్డ తోటివాడి మీద కాపలాగా నిలబడాలి. ఈ మాట మన దగ్గర చిన్నది కాదు. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ముదిరి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా పోయింది. కాలు తగలడమే నేరమైన సమాజంలో, ఒళ్లు తగలడమే నియమంగా ఉన్న ఆటను మన పిల్లలు ఆడడంలో ఒక అర్థముంది.

అయితే ఆట దానంతటదే కులాన్ని చెరిపేస్తుందని భ్రమ పడనక్కర్లేదు. పల్వంకర్ బాలూ కథ మనకు తెలిసిందే. చమార్ కులంలో పుట్టిన ఆ బౌలరు 1911లో ఇంగ్లండుకు పోయిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. అదే బాలూకు పూనాలో ఆట మధ్యలో టీ ఇచ్చేటప్పుడు పెవిలియన్ బయట, విడిగా మట్టి పిడతలో పోసి ఇచ్చారు. ఆయన విసిరిన బంతిని ముట్టుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, ఆయన తాగిన కప్పును ముట్టుకోవడానికి ఉంది. హిందువుల జట్టుకు బాలూ కెప్టెన్ కాలేకపోయాడు. 1923లో ఆయన తమ్ముడు విఠల్ అయ్యాడు. అదీ చాలా వాదోపవాదాల తర్వాత. కాబట్టి మైదానంలో ఏం జరిగిందో చూసి ఊరుకోకూడదు. ఆట అయ్యాక నీళ్ల క్యాను దగ్గర, కెప్టెన్ పేరు చదివేటప్పుడు, ప్రయాణంలో గదులు పంచేటప్పుడు కూడా చూడాలి.

1895 నాటి కూలి తగాదా

రగ్బీ చరిత్రలో మనకు బాగా పనికొచ్చే ఘట్టం ఒకటుంది. ఇంగ్లండులో ఈ ఆట మొదట డబ్బున్నవాళ్ల స్కూళ్లలో పెరిగింది. తర్వాత ఉత్తర ఇంగ్లండులోని గని కార్మికులు, మిల్లు కార్మికులు దాన్ని అందుకున్నారు, పెద్దింటి వాళ్లను ఓడించడం మొదలుపెట్టారు. కానీ శనివారం ఆటకు పోతే కార్మికుడికి ఆ పూట కూలి పోతుంది. ఆ పోయిన కూలి వరకైనా ఇవ్వండని ఉత్తరాది క్లబ్బులు అడిగాయి. 1893లో రగ్బీ పెద్దలు కాదన్నారు. డబ్బు తీసుకుంటే ఆట పవిత్రత చెడుతుందట! ఆస్తి ఉన్నవాడికి ఆటకు పోయినా తిండి పోదు కాబట్టి, వాడి పవిత్రత భద్రంగానే ఉంటుంది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలో సమావేశమైన ఉత్తరాది క్లబ్బులు తెగతెంపులు చేసుకొని వేరే సంఘం పెట్టుకున్నాయి. పోయిన కూలి కింద రోజుకు 6 షిల్లింగుల దాకా ఇవ్వొచ్చని తీర్మానించుకున్నాయి. 'రగ్బీ లీగ్' అనే రెండో రకం ఆట అట్లా పుట్టింది. పాత సంఘం ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నది సరిగ్గా వందేళ్ల తర్వాత, 1995లో.

ఈ ప్రశ్న మన దగ్గర ఇంకా తీరలేదు. కేసీ కాలువ కింద వరి నాట్లు, పత్తి తీత, మిరప కోతలు వచ్చినప్పుడు సెలవు రోజున కూలికి పోయి మెస్ బిల్లో, పరీక్ష ఫీజో కట్టుకునే విద్యార్థి ఆదివారం ప్రాక్టీసుకు రాడు. రానివాణ్ణి క్రమశిక్షణ లేదని జట్టులోంచి తీసేస్తారు. వాడికి లేనిది క్రమశిక్షణ కాదు, ఆ పూట కూలి.

తిండి దొరికిన చోట

మట్టిలో మాణిక్యాలు వాటంతటవే మెరుస్తాయని పత్రికలు రాస్తుంటాయి. నిజానికి ఏం జరిగిందో చూడండి. ఒడిశాలోని కళింగ సామాజిక శాస్త్రాల సంస్థలో చదివే ఆదివాసీ పిల్లలు 2007లో లండన్‌లో జరిగిన 14 ఏళ్ల లోపు వాళ్ల అంతర్జాతీయ రగ్బీ టోర్నమెంటు గెలిచారు. అది పిల్లలకు చదువుతో పాటు తిండి, వసతి ఇచ్చే సంస్థ. మన దగ్గర 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. దక్షిణాఫ్రికాలో 1995 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో తెల్లవాడు కానివాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. ఆ దేశపు జట్టుకు 2018లో మొదటి నల్లజాతి టెస్టు కెప్టెన్ అయి, 2019లోనూ 2023లోనూ కప్పు గెలిపించిన సియా కొలిసి పేదల వాడలో పుట్టి, స్కాలర్‌షిప్‌తో మంచి స్కూల్లో చేరినవాడు. ప్రతిభ అందరి దగ్గరా ఉంది. తిండి, పడక, సమయం దొరికిన చోట అది బయటపడింది.

మన కాలేజీల్లో చేయాల్సింది

మొదటిది నేల. నంద్యాల ప్రాంతంలో ఎక్కువ భాగం నల్లరేగడి. వానకు కాళ్లకు అంటుకుంటుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. నెర్రెల నేల మీద పట్టి పడేస్తే చీలమండలు పోతాయి. నేల దున్ని, రాళ్లు ఏరి, గడ్డి పెంచేదాకా నడుముకు రిబ్బన్లు కట్టుకొని, మనిషిని పడేయకుండా రిబ్బను లాగే 'ట్యాగ్' ఆటనే ఆడించాలి.

రెండోది దెబ్బలు. తలకు దెబ్బ తగిలి తూలినవాణ్ణి వెంటనే బయటికి పంపాలి. ఆ రోజు మళ్లీ దింపకూడదు, డాక్టరుకు చూపించాలి. ఇది ప్రపంచమంతా పాటిస్తున్న నియమం. ఎముక విరిగితే కూలి ఇంటి పిల్లోడికి చదువూ పోతుంది, కూలీ పోతుంది. అందుకే బీమా లేకుండా ఏ కాలేజీ ఈ ఆటను మొదలుపెట్టకూడదు.

మూడోది బస్సు. రుద్రవరం, చాగలమర్రి, శిరివెళ్ల వైపు పల్లెల నుండి వచ్చే పిల్లలకు ఆటకన్నా ఆఖరి బస్సు ముఖ్యం. 2025 ఆగస్టు 15 నుండి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ ఆరింటికి బస్సే లేకపోతే టికెట్టు లేకపోవడం వల్ల లాభం ఏముంది? ప్రాక్టీసును కాలేజీ వేళల్లోకే తేవాలి. ఆడపిల్లలు ఈ ఆటకు పనికిరారనే మాటకు బీహారులోని బార్హ్ అనే చిన్న పట్టణం నుండి వచ్చిన స్వీటీ కుమారి ఎప్పుడో జవాబు చెప్పింది. 2019లో ఒక అంతర్జాతీయ మహిళా రగ్బీ పత్రిక ఆమెను ఆ ఏటి ఉత్తమ యువ క్రీడాకారిణిగా ఎంచింది.

నాలుగోది కాగితం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2024 క్రీడా విధానంతో 2 శాతం నుండి 3 శాతానికి పెంచారు. ఏ ఆటకు, ఏ స్థాయి పోటీలో ఇచ్చిన సర్టిఫికెట్టు చెల్లుతుందో జీవోలో చూసి, చేరిన రోజే పిల్లలకు చెప్పాలి. పోటీలకు పోయిన రోజుల్ని హాజరుగా లెక్కించాలి. లేకపోతే 75 శాతం నిబంధన కింద స్కాలర్‌షిప్పుకే ఎసరు వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది కూలి. ప్రాక్టీసు రోజుల్లో గుడ్డు, పాలు, భోజనం కాలేజీయే పెట్టాలి. పోటీ రోజుకు ఇంత అని భత్యం ఇవ్వాలి. ఇది దయ కాదు, పోయిన కూలికి బదులు.

విద్యార్థి సంఘాల మిత్రులు, ఉపాధ్యాయ మిత్రులు తమ కాలేజీలో స్పోర్ట్స్ ఫీజు ఎంత వసూలైంది, ఏ ఆటకు ఎంత ఖర్చయింది, జట్లలో ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఎంతమంది, హాస్టల్ పిల్లలు ఎంతమంది అని అడగాలి. ప్రభుత్వ కాలేజీల్లో సమాచార హక్కు చట్టం కింద అడిగి తీసుకోవచ్చు. రగ్బీ బంతి కొనడానికి ముందే ఆ కాగితం మన చేతికి రావాలి.