ఒకే సీన్, మూడు టీములు

గేమ్ చేసే టీముల్లో గొడవలు కోడ్ దగ్గరకంటే ఫైళ్ల దగ్గరే ఎక్కువ. ఈ సెమిస్టర్ మా కాలేజీలో మూడు టీములం ఒకే గిట్‌హబ్ రిపాజిటరీ వాడుతున్నాం. ఒకళ్లు చేసిన క్యారెక్టర్, ఇంకొకళ్లు చేసిన సౌండ్లు అందరికీ పనికొస్తాయని. ఆలోచన మంచిదే. కాకపోతే గిట్ దేనికోసం పుట్టిందో ముందు తెలియాలి.

2005లో లినస్ టోర్వాల్డ్స్ దాన్ని లినక్స్ కెర్నల్ కోసం రాశాడు. అక్కడ దాదాపు అంతా టెక్స్టే. నేను పదో లైను, మీరు నూరో లైను మారిస్తే గిట్ రెండూ కలిపేస్తుంది. బ్లెండర్ మోడల్‌ దగ్గర ఈ పప్పులుడకవు. ఒకే బొమ్మకి మీరు చెయ్యి, నేను కాలు మార్చామనుకోండి. ఎవరిది ఉంచమంటారు అని అడుగుతుందంతే. రెండోవాళ్లు రాత్రంతా చేసిన పని పక్కకి పోయినట్టే.

యూనిటీ సీన్ ఇంకా చిత్రం. పైకి అది టెక్స్ట్ ఫైలే. కానీ ఇద్దరు మార్చి కాన్‌ఫ్లిక్ట్ వచ్చాక తెరిచి చూస్తే నిండా పొడుగాటి నంబర్లే. ఏది చెట్టో, ఏది శత్రువో మనిషికి అంతుపట్టదు. యూనిటీవాళ్ల స్మార్ట్ మెర్జ్ కొంతవరకు సాయం చేస్తుంది గానీ, నేను దాని మీద భారం వెయ్యను. తలుపు, శత్రువు, మెనూ... దేనికది ప్రీఫ్యాబ్‌గా విడగొట్టి, ఒక్కోదాన్ని ఒక్కొక్కరికి అప్పగించడమే నయం. సీన్‌ని మాత్రం ఒక్కరే ముట్టుకోవాలి.

ప్రతి అసెట్ పక్కన యూనిటీ పెట్టే మెటా ఫైలును చెత్త అనుకుని వదిలేసేవాళ్లున్నారు. ఆ అసెట్ గుర్తింపు నంబరు అందులోనే ఉంటుంది. అది పంపకపోతే అవతలి కంప్యూటర్‌లో కొత్త నంబరు పుడుతుంది, సీనేమో పాత నంబరు కోసమే వెతుకుతుంది. మెటీరియల్ దొరకని బొమ్మ గులాబీ రంగులో వెలిగిపోతుంది! లైబ్రరీ ఫోల్డర్ మాత్రం పంపొద్దు. యూనిటీయే మళ్లీ తయారుచేసుకుంటుంది.

100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ మామూలుగా తీసుకోదు. అందుకే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్. అసలు ఫైలు వేరేచోట ఉంటుంది, రిపాజిటరీలో దాని ఆచూకీ మాత్రమే ఉంటుంది. ఇందులో నాకు బాగా నచ్చింది తాళం. మీరు ఒక మోడల్‌కి లాక్ వేస్తే, ఇంకొకరు దాన్ని మార్చి పంపబోయినప్పుడు ఆపుతుంది. లాక్ వేసి సంక్రాంతికి ఊరెళ్లిపోయే మహానుభావులూ ఉంటారు. బలవంతంగా తీయొచ్చు, కానీ ముందు ఒక ఫోన్ కొట్టండి.

అన్నిటికంటే నాకు పట్టింపున్నది పేరు విషయం. మంచి లాప్‌టాప్ లేని అమ్మాయి బొమ్మలన్నీ వేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తుంది, ఎవరో కోడర్ వాటిని ఎక్కిస్తాడు. హిస్టరీలో అతని పేరే పడుతుంది. రేపు ఇంటర్వ్యూలో ఆమె ఏం చూపించుకోవాలి? కమిట్ మెసేజ్ చివర కో-ఆథర్డ్-బై అని రాసి, ఆమె పేరు, గిట్‌హబ్‌కి ఇచ్చిన ఈమెయిల్ పెడితే ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి. మా రిపాజిటరీలో ఆ లైను లేకుండా వచ్చిన బొమ్మల్ని నేను వెనక్కి పంపేస్తున్నాను.