పాసివ్ వాయిస్ ఎందుకు అన్నయ్యా?

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తే, పదో తరగతి చదువుతున్న మా తమ్ముడు ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకం తెచ్చి నా ముందు పడేశాడు. "అన్నయ్యా, ఈ పాసివ్ వాయిస్ ఎందుకు పనికొస్తుంది?" "పరీక్షకి" అనేశాను. తెలుగు మీడియంలో నేను చదివిందీ అందుకే మరి!

హాస్టల్‌కి తిరిగొచ్చి ల్యాబ్ రికార్డు రాస్తుంటే నవ్వొచ్చింది. 'ద సర్క్యూట్ వాజ్ కనెక్టెడ్', 'ద రీడింగ్స్ వర్ నోటెడ్'. అంతా పాసివ్ వాయిసే! సర్క్యూట్ ఎవరు కలిపారన్నది కాదు, ఏం చేశారన్నదే రికార్డుకి ముఖ్యం. కాబట్టి ఆ వాక్యం అలా ఉంటుంది. ఈ ఒక్క ముక్క బడిలో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఆలోచిస్తే మిగతావీ అంతే. పది మార్కుల కోసం బట్టీ పట్టిన లీవ్ లెటరే ఇప్పుడు ఇంటర్న్‌షిప్ కోసం రాసే మెయిల్. కాంప్రహెన్షన్ పాసేజే డేటాషీట్. అందులో వోల్టేజ్ ఇంత 'మించకూడదు' అన్న ఒక్క వాక్యం సరిగ్గా చదవక నేను ఒక ఐసీ కాల్చేశాను. గేట్ పరీక్షలో 100 మార్కులకి 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వే. అందులోనూ ఇంగ్లిష్ ఉంటుంది.

మరి ఇంత చదివినా ఫస్టియర్‌లో నేను క్లాసులో నోరు విప్పలేదు. డౌట్ ఉన్నా అడగలేదు. నాకు తెలివి లేదేమో అనుకునేవాణ్ణి. తర్వాత అర్థమైంది, తేడా భాషల్లో ఉంది. 'నేను అన్నం తిన్నాను' అన్నప్పుడు మన క్రియ చివర్లో వస్తుంది. ఇంగ్లిష్‌లో మధ్యలోకి దూకుతుంది. 'ఎ', 'ద' లాంటివి తెలుగులో లేనే లేవు. మనం రాసింది దాదాపు రాసినట్టే చదువుతాం, వాళ్ళు 'నైఫ్' రాసేటప్పుడు ముందు 'కె' పెట్టి దాన్ని పలకరు. ఇవి తెలిశాక తప్పు మాట్లాడినా సిగ్గు తగ్గింది. మొన్న సెమినార్‌లో రెండు తప్పులతోనే అయినా ప్రశ్న అడిగాను. జవాబు వచ్చింది, ఎవరూ నవ్వలేదు.

ఇంగ్లిష్ మనకి పనిముట్టు మాత్రమే కాదు, ఇష్టపడితే అదే దారి కూడా. 1958లో హైదరాబాద్‌లో ఇంగ్లిష్ బోధన కోసం మొదలైన సంస్థే ఇప్పటి ఇఫ్లూ. 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఇంటర్ తర్వాత అక్కడ బి.ఏ. ఇంగ్లిష్ చదవొచ్చు. డిగ్రీలో ఇంగ్లిష్ తీసుకుని బి.ఎడ్. చేస్తే డీఎస్సీ రాసి హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్ అవ్వొచ్చు. మనలాంటి ఇంజినీర్లకైతే టెక్నికల్ రైటింగ్ ఉంది. యంత్రమో సాఫ్ట్‌వేరో ఎలా వాడాలో జనానికి అర్థమయ్యేలా రాయడమే ఆ ఉద్యోగం. తెలుగు కూడా గట్టిగా వస్తే అనువాదం ఉంది. దానికి రెండు భాషలూ కావాలి, ఒకదాన్ని వదిలేస్తే కుదరదు.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి నా ల్యాబ్ రికార్డు పేజీ ఫొటో పంపాను. "ఇందులో పాసివ్ వాయిస్ వాక్యాలు ఎన్నున్నాయో లెక్కపెట్టు" అన్నాను. కాసేపటికి మెసేజ్ పెట్టాడు: "పదకొండు. ఒకటి తప్పు రాశావ్ అన్నయ్యా."

చూశాను. నిజమే, తప్పే.