వార్తల్లో పదం: మెనింజియోమా

మెదడును, వెన్నుపామును కప్పి ఉంచే పొరల్లో పుట్టే గడ్డ మెనింజియోమా. 1922లో ఆ పేరు పెట్టింది అమెరికా సర్జన్ హార్వే కుషింగ్. చాలావరకు ఇది క్యాన్సర్ కాదు. కానీ పుర్రె లోపల చోటెక్కడిది? నిదానంగా పెరుగుతూనే కంటి నరాన్ని నొక్కితే చూపు మసకబారుతుంది; మరోచోట నొక్కితే మూర్ఛ వస్తుంది.

ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ. చాలా గడ్డల కణాలపై ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలుంటాయి. ఆ హార్మోన్‌ను పోలిన మందులపై అనుమానం అందుకే.

ఫ్రాన్స్‌లో ఈ గడ్డకు ఆపరేషన్ చేయించుకున్న 18,061 మంది మహిళల వివరాలను ఇతరులతో పోల్చిన అధ్యయనం 2024లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చింది. అలాంటి మందే అయిన మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్ ఏడాదికి పైగా వాడినవారిలో ముప్పు 5.6 రెట్లు. గర్భాశయంలో అమర్చే లెవోనార్జెస్ట్రెల్ హార్మోన్ లూప్‌తో మాత్రం ముప్పు పెరగలేదు. ఇదే కోవకు చెందిన సైప్రోటిరాన్ మాత్రల అధిక మోతాదుల వాడకాన్ని యూరప్ ఔషధ సంస్థ 2020లోనే కట్టడి చేసింది. ఆ మాత్రలు ఆపాక గడ్డ కుంచించుకుపోయిన రోగులూ ఉన్నారు.

మన సర్కారు దవాఖానాల్లో మూడు నెలలకోసారి ఉచితంగా వేసే గర్భనిరోధక ‘అంతర’ సూదిలో ఉన్నదీ మెడ్రాక్సీప్రొజెస్టిరానే. జబ్బు అరుదు కాబట్టి హడలిపోనక్కర్లేదు. అయినా సూది వేసే ముందు ఈ సంగతి వేయించుకునే మహిళకు చెప్పి తీరాలి. ఏళ్ల తరబడి వాడుతున్నామె తలనొప్పి తగ్గట్లేదంటే, చూపు ఆనట్లేదంటే, డాక్టరు ముందుగా ఆ సూది గురించే అడగాలి.